అన్నీ ఎడమ చేతులే

నా చేతి కాజాలో గుండీ పెట్టుకున్న మనిషిని నేను ఈ జన్మలో మర్చిపోను. ఇది గొప్ప చెప్పుకోవడమే, కాదనను. నేను చదివింది ఊరిబడిలో అయిదో తరగతి. అదీ మాస్టారు కునుకు తీసిన రోజుల్ని కూడా లెక్కలో వేసుకుంటేనే. కాని జ్ఞాపకశక్తి పంచేటప్పుడు దేవుడు నా దగ్గర తూకం చూసుకోలేదు, కుండతో కుమ్మరించేశాడు. ఓసారి బస్టాండులో ఒకాయన వెనకాల నిలబడ్డాను. వీపు తప్ప ఏమీ కనబడటం లేదు. అయినా పోల్చేసి, "ఏమండీ, మీ పెళ్ళికోటు మూడో గుండీ ఇంకా ఉందా?" అన్నాను. ఆయన గిరుక్కున తిరిగి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, "కోటుంది, గుండీ ఉంది, పెళ్ళామే వెళ్ళిపోయింది" అన్నాడు.

అంతటివాణ్ణి కాబట్టే, మా బావకి మతిమరుపు మొదలైందని ఆసుపత్రికి తీసుకెళ్తూ నన్ను తోడు రమ్మన్నారు.

బావంటే మా అక్క మొగుడు. అక్క పోయి కొన్నేళ్ళైంది. ఆయన దర్జీల్లో రాజు, అంటే కత్తెర పట్టే మనిషి. కుట్టుకొట్టులో రాజుకీ బంటుకీ తేడా ఇక్కడే ఉంటుంది. కోసేవాడు నిలబడి పనిచేస్తాడు, కుట్టేవాళ్ళు కూర్చుని పనిచేస్తారు, నాలాంటి కాజాలవాడు కిటికీ పక్కన ముక్కాలిపీట మీద వంగిపోయి పనిచేస్తాడు. మా కొట్టు ఒక పొడవాటి గది. మధ్యలో కోత బల్ల, గోడవారన మిషన్లు, మూలన ఇస్త్రీ ఆయన, ఆయన వదిలే ఆవిరి. యూనిఫారాలు, కోట్లు టోకున కుట్టి పంపుతాం. కొట్టు ఇప్పుడు బావ కూతురిది, అంటే నా మేనకోడలిది. దానికి తండ్రి పొడుగూ మా అక్క నోరూ వచ్చాయి. ఈ మధ్య ఆ నోరు కూడా అలిసిపోయింది.

మరుపు మొదట్లో ఎవరికీ తెలియలేదు. మెడలో టేపు వేసుకుని టేపు కోసం వెతకని దర్జీ ఇంకా పుట్టలేదు కదా. సుద్దముక్క టీ గ్లాసులో పడేసినా నవ్వుకున్నాం. ఒకాయనకి ఛాతీ కొలిచి, మళ్ళీ కొలిచి, మూడోసారి టేపు చుడుతుంటే, "నేనింకా పెరగలేదండీ, అంతే ఉన్నాను" అన్నాడాయన. దానికీ నవ్వుకున్నాం. ఒక మధ్యాహ్నం మాత్రం బల్ల దగ్గర నిలబడి, తల ఎత్తకుండా, "ఏమేవ్, ఆ ఇనపస్కేలు ఇలా అందుకో" అన్నాడు. అది అక్కని పిలిచే పిలుపు. మేనకోడలు స్కేలు తెచ్చి చేతికిచ్చింది. తర్వాత మిషను దగ్గర కూర్చుని చాలాసేపు దారం లేకుండానే కుట్టింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్ల. నాకంటే అందరూ చిన్నపిల్లలే అనుకోండి. బావతో, "పెద్దాయనా, మూడు మాటలు చెబుతాను, గుర్తుపెట్టుకోండి. గొడుగు, ఏనుగు, కిటికీ" అంది. తర్వాత గడియారం బొమ్మ గీయమంది. బావ కాలరు గీసినట్టు ఒక్క ఊపులో గుండ్రంగా చుట్టాడు. అంత గుండ్రని గడియారం నేనెక్కడా చూడలేదు. అంకెలు మాత్రం అన్నీ కుడివైపే, బస్సులో కిటికీ పక్కన సీటు కోసం ఎగబడ్డట్టు.

"ఇప్పుడు ఆ మూడు మాటలు చెప్పండి."

బావ నావైపు చూశాడు.

"నన్ను చూడకు బావా, ఆమెని చూడు" అన్నాను.

"మీరు చెప్పగలరా పెద్దాయనా?" అంది డాక్టరమ్మ నాతో.

నేను ఛాతీ విరుచుకున్నాను. "గొడుగు. కిటికీ." తర్వాత మాట రాలేదు. "మధ్యలో ఇంకోటేదో ఉండాలమ్మా. కాస్త పెద్దదే."

మేనకోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏనుగుని పట్టుకుని మర్చిపోయిన మొనగాణ్ణి నేను. అందుకని ఇప్పుడే చెప్పేస్తున్నాను: ఆ బస్టాండు ఆయనెవరో నాకు తెలియదు. ఇంకెవరో అనుకుని అడిగాను. ఆయనకీ ఒక కోటుండటం, పెళ్ళాం వెళ్ళిపోవడం ఏదో కలిసొచ్చిందంతే.

డాక్టరమ్మ నన్ను చూసి, "మీ వయసుకి అది మామూలే" అని, బావ సంగతి మాత్రం మేనకోడలికి నెమ్మదిగా చెప్పింది. మొదలైంది, ఇంకా మొదట్లోనే ఉంది. రోజూ నడిపించండి. రక్తపోటు మాత్ర మానకూడదు. ఉప్పు తగ్గించండి, ఆకుకూరలూ పళ్ళూ పెంచండి. సిగరెట్టు వద్దు. రాత్రి నిద్ర సరిగ్గా పట్టాలి. చెవులూ కళ్ళూ చూపించండి. అన్నిటికంటే, ఒంటరిగా కూర్చోనివ్వకండి. నలుగురిలో ఉండాలి, మాట్లాడాలి, కొత్తపని ఏదైనా నేర్చుకోవాలి.

"ఇవన్నీ చేస్తే తగ్గిపోతుందా మేడమ్?"

"తగ్గుతుందని చెప్పనమ్మా. నెమ్మదిస్తుందేమో. అందరికీ ఒకేలా ఉండదు."

మాకు అర్థమయ్యేలా నేను మనసులో కుట్టుకున్నాను: గుడ్డ అంచు పోగులు ఊడటం మొదలెడితే, ఊడినవాటిని మళ్ళీ నెయ్యలేం. మిగతావి ఊడకుండా అంచు కొట్టుకుంటాం.

"ఆయన కత్తెర పట్టొచ్చా?" మేనకోడలు అసలు మాట అప్పుడడిగింది.

"అలవాటైన పని మానిపించకండి. కాని పక్కన చూసేవాళ్ళు ఒకరుండాలి."

ఆ మాట మేమందరం విన్నాం. విని, ఇంటికెళ్ళే తొందరలో అక్కడే కుర్చీ కింద వదిలేసి వచ్చాం.

దారిలో మేనకోడలు తండ్రి చెయ్యి పట్టుకుని, "నాన్నా, కాపలావాళ్ళ చలికోట్ల పని వస్తోంది. అది నువ్వే కొయ్యి. కాని అందులో తప్పు పడిందంటే కత్తెర నాకిచ్చెయ్యాలి. సరేనా?" అంది.

"నా కోతలో తప్పా?" బావ నవ్వాడు. "నీ పుట్టుకలో ఉందేమోగాని నా కోతలో లేదే."

ఆ కత్తెర సంగతి చెప్పాలి. నల్లటి పిడి, బావ బొటనవేలికి అరిగి అరిగి ఆ వేలి అచ్చే దిగింది. ఇంకొకరు పట్టుకుంటే వేలు లోపల అటూ ఇటూ ఆడుతుంది. సాన కూడా ఆయనే పెట్టుకుంటాడు. ఇంటికి తాళం వెయ్యడం మర్చిపోయేవాడుగాని కత్తెరకి నూనె రాయడం మర్చిపోలేదు.

మర్నాటి నుంచి నడక మొదలు. బావ ఇల్లు మా వీధి చివర. తెల్లారేసరికి నేను మలుపు తిరుగుతానో లేదో, బావ బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంటాడు. "ఏరా, ఇప్పుడా రావడం? సూర్యుడు భోజనానికి కూర్చున్నాడు" అని కేకలేస్తాడు. ఇద్దరం పార్కు చుట్టూ తిరుగుతాం. ఆయనవి పొడుగు కాళ్ళు, నావి పొట్టివి. ఆయన ఒక అడుగు వేస్తే నేను రెండు. మతిమరుపు ఆయనది, ఆయాసం నాది.

మూడోనాడో నాలుగోనాడో ఒక గోధుమరంగు వీధికుక్క మా వెంట పడింది. మొదట కరవడానికనుకున్నాం. కాదు, నడవడానికట. చుట్టు పూర్తికాకుండా ఇంటివైపు మళ్ళితే అడ్డం నిలబడి మొరుగుతుంది. వానచినుకులు పడుతున్నాయని ఒకరోజు ఎగ్గొడితే, ఇంటికొచ్చి తలుపు గీకింది. డాక్టరమ్మే దాన్ని పంపించిందని బావ అనుమానం. ఉప్పులేని కూర పెడితే అదీ ముట్టుకోలేదు. దానికున్న స్వాతంత్ర్యం మాకు లేకపోయింది.

సిగరెట్టు మానడం ఒక్కటే సులువైంది. తను తాగుతాడన్న సంగతే బావ మర్చిపోయాడు. మరుపు కూడా ఒక్కోసారి పుణ్యం చేస్తుంది. జేబులో అగ్గిపెట్టె దొరికితే, "ఇది నాకెందుకురా?" అని నాకే ఇచ్చేవాడు.

ఇక కొత్తపని. కుట్టుకొట్టులో కొత్తపని ఏముంటుంది? నేనే కాజాలు నేర్పుతానన్నాను.

"కాజాలా!" బావ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "బాగున్న గుడ్డకి బెజ్జాలు పెట్టుకు బతికావు జన్మంతా. అది నేర్చుకోవాలా నేను?"

"బాగున్న గుడ్డని ముక్కలు చేసి బతికావు నువ్వు. రాజుగారూ, సూదిలో దారం ఎక్కించండి ముందు."

దారం ఎక్కించడానికి సగం పూట పట్టింది. కళ్ళజోడు మార్పించాక కాస్త నయం. ఆయన మొదటి కాజా ఎలా ఉందంటే, గుండీ లోపలికి వెళ్ళింది కాని బయటికి రాలేదు; ఆ చొక్కా ఇప్పటికీ అలాగే ఉంది. అయినా వదల్లేదు. పొద్దున్న నేర్పింది సాయంత్రానికి పోతుంది. మళ్ళీ మర్నాడు, చీల్చిన అంచు చుట్టూ దారం ఎలా తిప్పాలో, ముడి పైకి ఎలా రావాలో మొదటినుంచి చెబుతాను. చెప్పిందే చెప్పడం ఎంత అలసటో, చెప్పిందే వినడం ఇంకెంత అలసటో. ఒకరోజు నేను ఊరుకుంటే, బావ, "ఇవాళ చెప్పవేంరా?" అన్నాడు. చెప్పాను.

చలికోట్ల గుడ్డ వచ్చింది. దళసరి గుడ్డ, ఒకవైపు నూగు, రెండోవైపు బోడి. ఇక్కడే మా వృత్తిలో కిటుకుంది. చొక్కాకైనా కోటుకైనా చేతి ముక్క ముందువైపు వంపు వేరు, వెనకవైపు వంపు వేరు. అందుకని గుడ్డ పొరలు పరిచేటప్పుడు నూగు మొహం నూగు మొహాన్ని చూసేలా జతజతగా పరచాలి. అప్పుడు కత్తెర ఒక్కసారి దిగితే ఒక ఎడమ, ఒక కుడి వస్తాయి. అన్ని పొరలూ ఒకే మొహంతో పరిచామా, అన్నీ ఒకే చేతివి వస్తాయి. అందుకే పాతకాలంలో కత్తెర దించే ముందు బావ బల్ల అదిరేలా అరిచేవాడు: "మొహాలు కలిశాయా?" బల్ల అటు చివర అక్క నిలబడి, ఒక్కో పొర అంచు వేళ్ళతో తడిమి చూసి, "కలిశాయ్!" అని అరిచేది. ఆ మాట పడితేగాని కత్తెర నోరు తెరిచేది కాదు. వాళ్ళ మధ్య మాటల్లేని రోజుల్లో కూడా ఆ రెండు మాటలూ ఉండేవి.

అక్క పోయాక బావ అరవడం మానేశాడు. ఎప్పుడు మానేశాడో మాలో ఎవరూ గమనించలేదు.

ఆ రోజు మేనకోడలు గుడ్డలకొట్టు వాళ్ళతో ఫోనులో తగువులో ఉంది. మిషన్ల మీద ఆడవాళ్ళు చెవుల్లో పాటలు పెట్టుకున్నారు. నేను పార్కు చుట్టూ తిరిగొచ్చిన పుణ్యానికి కిటికీకి తల ఆనించి కునుకుతున్నాను. బావ ఒక్కడే పరిచాడు, ఒక్కడే కోశాడు. ఆ అంచులు చూస్తే ముచ్చటేసింది. వెంట్రుకవాసి తేడా లేదు.

సాయంత్రం మేనకోడలు మొదటి కోటు కలపడానికి కూర్చుంది.

"మామయ్యా, కుడి చెయ్యేది?"

"ఆ కుప్పలో అడుగున ఉంటుంది చూడు."

చూసింది. కుప్ప తిరగేసింది. నేనూ లేచెళ్ళి వెతికాను. ఎడమ చెయ్యి, ఎడమ చెయ్యి, ఎడమ చెయ్యి. బల్లంతా ఎడమ చేతులే.

"కాపలావాళ్ళందరూ ఎడమచేతి వాటం వాళ్ళేమోలే" అన్నాడు ఇస్త్రీ ఆయన. ఎవరూ నవ్వలేదు. నేనే నవ్వలేదంటే చూసుకోండి.

"నేను జతే పరిచాను" అన్నాడు బావ. రెండు చేతులు తీసి ఒకదానిమీద ఒకటి పెట్టాడు. రెండూ కవలల్లా ఒకేవైపు పడుకున్నాయి. ఇంకో రెండు తీశాడు. అవీ అంతే. తర్వాత ఊరికే ఆ నూగుని అరచేత్తో రాస్తూ నిలబడ్డాడు.

మేనకోడలు కింద కూర్చుండిపోయింది, గుడ్డపీలికల మధ్య. "నాన్నా, నిన్ను తిట్టటం లేదు. తిట్టే ఓపిక కూడా లేదు నాకు. కత్తెర ఇటివ్వు."

బావ ఇవ్వలేదు. కత్తెరని గుడ్డలో చుట్టి, చంకలో పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా ఇంటికెళ్ళిపోయాడు.

తర్వాత కొన్నాళ్ళు కొట్టుకి రాలేదు. మేనకోడలు అదే గుడ్డ మళ్ళీ తెప్పించి, వేరే కత్తెరతో కుడి చేతులు తనే కోసి, ఆ పని ఎలాగో పంపించింది. ఆ అంచులు కొంచెం వంకర పోయాయి. చలికి వంకర తెలియదులెండి. నడక మాత్రం నేను మానిపించలేదు. నేను మానినా కుక్క ఒప్పుకోదు. మూడు ప్రాణులం మాటల్లేకుండా తిరిగేవాళ్ళం. ఒక పొద్దున్న పార్కు బెంచీ మీద కూలబడ్డాక బావే నోరు విప్పాడు.

"కత్తెర ఇచ్చేస్తే నేనెవర్నిరా?"

"నా బావవి."

"అదేం ఉద్యోగం?"

"జీతం లేదు. తీసేసేవాడూ లేడు."

బావ నవ్వలేదు. కాళ్ళ దగ్గర కుక్క నాలుక బయటపెట్టి రొప్పుతోంది. "మీ అక్కుంటే అడిగేవాణ్ణి, మొహాలు కలిశాయా అని" అన్నాడు.

"అడగడం మానేశావుగా బావా."

"జవాబిచ్చే మనిషి లేదుగా."

నా దగ్గర ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఉంటుంది. ఆ పూట వెతికితే దొరకలేదు. మోకాళ్ళు పట్టేశాయి, నిద్ర చాలలేదు, ఇద్దరి మతీ ఒక్కడి బుర్రలో మోస్తున్న బరువు. "లేదు" అన్నాను. అంతే. ఇంకాసేపు కూర్చున్నాం. కుక్క మొరిగితే లేచాం.

ఆ సాయంత్రం మేనకోడలితో బావ పార్కులో అన్న మాట చెప్పాను. చెబితే అది కత్తిరిస్తున్న దారం వదిలేసి, "డాక్టరమ్మ చెప్పింది కదా మామయ్యా, పక్కన ఒకరుండాలని. మనం ఉన్నాం, అందరం గదిలోనే ఉన్నాం. పక్కన మాత్రం లేం" అంది.

మర్నాడు నడక అయ్యాక బావ ఇంటివైపు తిరగలేదు. కొట్టువైపు తిరిగాడు. లోపల మేనకోడలు కొత్తపనికి గుడ్డ పరుస్తోంది. బావ కత్తెర గుడ్డ విప్పి, మొన తనవైపు, పిడి కూతురివైపు తిప్పి చాచాడు.

"ఇందా."

అది తీసుకుంది. బొటనవేలు పిడిలో అటూ ఇటూ ఆడింది. "వదులుగా ఉంది నాన్నా."

"అరగాలి. నేను మాత్రం పుట్టుకతో అరగదీశానా?"

బావ కిటికీ దగ్గరికొచ్చి నా పక్కన కాజాలకి కూర్చుంటాడనుకున్నాను. పీట కూడా జరిపి ఉంచాను. రాలేదు. బల్ల అటు చివరికెళ్ళి, అక్క నిలబడే చోట నిలబడ్డాడు. మేనకోడలు కత్తెర దించబోతుంటే బల్ల మీద చరిచాడు.

"అడగవేం?"

"ఏమడగాలి?"

"అమ్మని నేనేమడిగేవాణ్ణి?"

మేనకోడలు కత్తెర బల్ల మీద ఆనించింది. తర్వాత గట్టిగానే అరిచింది. "మొహాలు కలిశాయా?"

బావ వంగి, అంచు పొరలు ఒక్కొక్కటే బొటనవేలితో తడిమాడు. చివరిదాకా వెళ్ళి, ఎక్కడున్నాడో మర్చిపోయి, మళ్ళీ మొదటినుంచి తడిమాడు. మేనకోడలు ఆగింది. మిషన్లు ఆగాయి. ఆడవాళ్ళు చెవుల్లో పాటలు తీసేశారు.

"కలిశాయ్!"

కత్తెర దిగింది. ఎడమలెన్నో కుడులన్ని వచ్చాయి.

ఇప్పుడు అదే పద్ధతి. రోజంతా అరుపులే మా కొట్టులో. మధ్యాహ్నం బావ నా దగ్గర కూర్చుని కాజాలు కుడతాడు. ఇప్పుడు ఆయన కాజాలోంచి గుండీ బయటికి కూడా వస్తోంది. మరుపు పోలేదు. వారానికోసారి కూతుర్ని "ఏమేవ్" అంటాడు, అది పలుకుతుంది. ఆయన "కలిశాయ్" అన్నాక, ఆయన చూడనప్పుడు నేనూ ఒకసారి అంచు తడిమి వస్తాను. నేను తడిమాక మేనకోడలు మళ్ళీ తడుముతుందని ఇస్త్రీ ఆయన అంటాడు. ఏనుగుని మర్చిపోయినవాణ్ణి, న్యాయమే. నెమ్మదించిందా అని డాక్టరమ్మనడిగితే, "ఇలాగే కానివ్వండి" అంది. కానిస్తున్నాం.

మిగిలిపోయిన ఎడమ చేతుల్లో ఒకటి కుక్కకి సరిగ్గా సరిపోయింది. మెడ దగ్గర కాజా నేను కుట్టాను, గుండీ బావ పెట్టాడు. చలికాలంలో అది వేసుకుని మా ముందు నడుస్తుంది, కాపలావాడిలా.

ఇక మీరు కుక్క దగ్గర నవ్వుకుని ఉంటారు, ముసలాడు కోతలు కోస్తున్నాడని. కుక్క నిజం. దాని కోటు నిజం. వచ్చి చూసుకోండి. నేను కల్పించింది ఒక్కటే. పొద్దున్నే బావ బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడి నన్ను కేకలేస్తాడన్నానే, అది. గుమ్మంలో ఎవరూ ఉండరు. నేనే లోపలికెళ్ళి లేపుతాను. ఎక్కడికిరా అంటాడు. నడకకి అంటాను. ఎందుకురా అంటాడు. రోజూ కొత్తగానే అడుగుతాడు, రోజూ చెబుతాను. తర్వాత కింద కూర్చుని ఆయన బూట్ల తాళ్ళు కడతాను. ఈ మోకాళ్ళతో కిందకి దిగడం ఒక పని, లేవడం ఇంకో పని. లేచేటప్పుడు మాత్రం ఆయనే చెయ్యిస్తాడు. ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేదు.